మూడు అడ్మిట్లు చేతిలో ఉన్నాయి, దేనికి డిపాజిట్ కట్టాలి?

మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి మన ఇళ్లలో ఒకటే చర్చ. అమెరికాలో రెండు చోట్ల అడ్మిట్ వచ్చింది, బ్రిటన్ నుంచి ఒకటి వచ్చింది, జర్మనీ జవాబు ఇంకా తేలలేదు. కన్సల్టెన్సీ వాళ్లు ఒక పేరు చెబుతారు. డాలస్‌లో ఉన్న పెద్దమ్మ కొడుకు ఫోన్లో ఇంకోటి చెబుతాడు. ర్యాంకుల పట్టిక ముందు పెట్టుకుని నాన్న మూడోది అంటారు. ఈలోగా డిపాజిట్ గడువు దగ్గరపడి అందరికీ టెన్షన్.

బీటెక్ అయిపోయి, లేదా ఒకటి రెండేళ్లు ఉద్యోగం చేసి, కంప్యూటర్ సైన్స్, డేటా, ఎలక్ట్రానిక్స్ లాంటి వాటిలో మాస్టర్స్‌కు, అదీ ఎడ్యుకేషన్ లోన్ మీద వెళ్లేవాళ్ల కోసం రాస్తున్నాను. పూర్తి ఫండింగ్‌తో పీహెచ్‌డీకి వెళ్లేవాళ్ల లెక్కలు వేరు. వాళ్లు ప్రొఫెసర్‌ను చూసి ఎంచుకుంటే చాలు.

నా మాట ముందే చెప్పేస్తాను. యూనివర్సిటీ ర్యాంకు ఎంత అన్నది తర్వాత చూద్దాం. మొదట ప్రతి అడ్మిట్‌నూ ఒకే ప్రశ్నతో పరీక్షించండి: అక్కడ ఉద్యోగం దొరకలేదు, డిగ్రీ పట్టుకుని హైదరాబాద్‌కో విశాఖకో తిరిగొచ్చేశాం అనుకుంటే, ఈ అప్పు ఇక్కడి జీతంతో తీరుతుందా? తీరుతుందంటే ఆ అడ్మిట్ పరిశీలనలో ఉంచండి. తీరదంటే, ఆ యూనివర్సిటీ పేరు ఎంత గొప్పదైనా మీరు కడుతున్నది చదువుకు ఫీజు కాదు, వీసా నియమాల మీద పందెం.

ముందు అప్పు సంగతి

40 లక్షల లోన్, 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు. నెలకు కిస్తీ సుమారు 55,000 రూపాయలు. అదే 15 లక్షలైతే 20,700 దగ్గర ఆగుతుంది. కొత్తగా మాస్టర్స్ చేసి వచ్చినవాడికి హైదరాబాద్‌లో నెలకు 70,000 చేతికొస్తే, 55,000 కిస్తీ కట్టాక మిగిలేది హాస్టల్ అద్దెకూ భోజనానికీ సరిపోతుంది, అంతే. 20,700 కట్టేవాడు మామూలుగా బతకగలడు. పైగా ఆ 40 లక్షలు 40 లక్షలుగానే ఉండవు. చదువుకునే రెండేళ్లు, ఆ తర్వాత బ్యాంకు ఇచ్చే ఆరు నెలలో ఏడాదో వెసులుబాటు కాలం, వీటికీ వడ్డీ లెక్క పడుతూనే ఉంటుంది. ఆ కాలంలో కనీసం వడ్డీ అయినా నెలనెలా ఇంట్లో కట్టగలరా అని ఇప్పుడే మాట్లాడుకోండి. ప్రభుత్వ బ్యాంకుకూ ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీకీ అసలు తేడా ఇక్కడే తెలుస్తుంది. రెండోవాళ్లలో చాలామంది లోన్ ఇచ్చిన మరుసటి నెల నుంచే ఎంతో కొంత కట్టమంటారు.

రూపాయి సంగతి కూడా మరవొద్దు. 2025 డిసెంబర్‌లో డాలర్ 90 రూపాయలు దాటింది. మొదటి సెమిస్టర్‌కు వేసుకున్న లెక్క నాలుగో సెమిస్టర్‌కు పనికిరాదు. మొత్తం ఖర్చు మీద పదో వంతు అదనంగా వేసుకుని చూడండి.

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట ఉన్న విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కింద 20 లక్షల దాకా సాయం ఉంది. కుటుంబ ఆదాయ పరిమితి ఉంటుంది, పథకంలో పేర్కొన్న దేశాలకే వర్తిస్తుంది. అర్హత ఉంటే తప్పక దరఖాస్తు పెట్టండి. కానీ మొదటి సెమిస్టర్ ఫీజు ఆ డబ్బుతో కడదామని మాత్రం కూర్చోవద్దు. ప్రభుత్వ డబ్బు ఎప్పుడు ఖాతాలో పడుతుందో ఆ శాఖ వాళ్లు కూడా చెప్పలేరు.

అమెరికా: అదే పేరు, వేరే కోడ్

మనవాళ్లలో ఎక్కువమంది మొగ్గేది ఇటే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

అమెరికాలో చదువు తర్వాత పని చేయడానికి ఓపీటీ ఉంటుంది, 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సు అయితే ఇంకో 24 నెలల పొడిగింపు, మొత్తం మూడేళ్లు. కోర్సు స్టెమ్ అవునా కాదా అన్నది దాని పేరు చూసి చెప్పలేం. ప్రతి ప్రోగ్రామ్‌కూ సీఐపీ కోడ్ అని ఒక అంకె ఉంటుంది. దాన్ని బట్టే తేలుతుంది. కంప్యూటర్ సైన్స్‌కు 11.0701, డేటా సైన్స్‌కు 30.7001, ఈ రెండింటికీ స్టెమ్ గుర్తింపు ఉంది. చిక్కంతా మేనేజ్‌మెంట్ వైపు కోర్సులతోనే. ఒకచోట మేనేజ్‌మెంట్ సైన్స్ కోడ్ 52.1301 కింద నడిపే ప్రోగ్రామ్‌కు మూడేళ్ల ఓపీటీ వస్తుంది. ఇంకోచోట దాదాపు అదే సిలబస్‌ను మామూలు బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ కోడ్ 52.0201 కింద నడుపుతారు, దానికి ఒక్క ఏడాదే. రెండేళ్ల తేడా అంటే ఉద్యోగ వీసా అయిన హెచ్-1బీ లాటరీలో రెండు అవకాశాల తేడా. డిపాజిట్ కట్టకముందే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి ఒక మెయిల్ పెట్టి కోడ్ అడగండి. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం చేతికొచ్చాక దాని మీద కూడా అదే కోడ్ ఉందో లేదో చూసుకోండి.

రెండోది, హెచ్-1బీలో ఏటా ఉన్న 85,000 కోటాలో 20,000 అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు ప్రత్యేకం. అయితే ఆ డిగ్రీ ప్రభుత్వ యూనివర్సిటీ నుంచో, లాభాపేక్ష లేని ప్రైవేటు సంస్థ నుంచో వచ్చి ఉండాలి. లాభం కోసం నడిపే యూనివర్సిటీలో చదివినవాళ్లకు ఆ కోటా లేదు. ఫీజు తక్కువ, జీఆర్ఈ వద్దు, బ్యాక్‌లాగ్‌లు ఎన్నున్నా పర్వాలేదు అని ఎవరైనా ఒక పేరు చెబితే మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఈ దారి ఇప్పుడు ఇంకా ఇరుకైంది. 2025 సెప్టెంబర్ నుంచి అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్-1బీ పిటిషన్లకు కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్న ఉత్తర్వు వచ్చింది. అక్కడే ఉండి ఎఫ్-1 విద్యార్థి వీసా నుంచి మార్చుకునేవాళ్లకు ఇది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. అంటే చదువు అయ్యాక ఇండియా వచ్చేసి, ఇక్కడి నుంచి హెచ్-1బీ మీద మళ్లీ వెళదాం అన్న ఆలోచనకు దాదాపు తలుపు మూసుకున్నట్టే. దానికి తోడు 2026 నుంచి లాటరీలో జీతం స్థాయి ఎక్కువున్నవాళ్లకు అవకాశం పెరిగేలా నియమం మార్చారు. కొత్తగా డిగ్రీ అయినవాళ్లు ఎక్కువగా అడుగు స్థాయిల్లోనే ఉంటారు. ఇవన్నీ చూసి భయపడమని చెప్పట్లేదు. మూడేళ్ల ఓపీటీ సంపాదనతోనే అప్పులో పెద్ద భాగం తీరేంత ఖర్చున్న యూనివర్సిటీని ఎంచుకోండి, హెచ్-1బీ వస్తే అదనం అనుకోండి.

ఖర్చు అంటే గుర్తొచ్చింది. టెక్సాస్ మీద మనవాళ్లకు అంత మోజు ఉండటానికి డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కోల్లో ఉన్న తెలుగు కుటుంబాలు ఒక కారణమైతే, ఇంకో కారణం ఫీజుల్లో ఉంది. కనీసం 1,000 డాలర్ల పోటీ స్కాలర్‌షిప్ పొందిన బయటి విద్యార్థికి కూడా స్థానిక ఫీజు వర్తింపజేసే వెసులుబాటు ఆ రాష్ట్ర చట్టంలో ఉంది. కాబట్టి రిచర్డ్‌సన్‌లోని యూటీ డాలస్ నుంచో, డెంటన్‌లోని నార్త్ టెక్సాస్ నుంచో అడ్మిట్ వచ్చి, పక్కన చిన్న స్కాలర్‌షిప్ కాగితం కూడా ఉంటే దాన్ని వెయ్యి డాలర్లుగా చూడొద్దు. దానివల్ల మొత్తం ఫీజు ఎంత తగ్గుతుందో, రెండో ఏడాది కూడా కొనసాగుతుందో లేదో, కొనసాగాలంటే ఎంత జీపీఏ ఉండాలో అడగండి.

ఇక పెద్ద పేరున్న ప్రైవేటు యూనివర్సిటీ ఒకవైపు, మిస్సోరీ, ఒహాయో లాంటి చోట్ల చిన్న పబ్లిక్ యూనివర్సిటీ ఇంకోవైపు ఉంటే? ఫీజులో రెండు మూడు రెట్ల తేడా ఉంటుంది. కంప్యూటర్ సైన్స్‌లో నిజంగా ముందు వరుసలో ఉన్న పది పదిహేను చోట్లకు మాత్రం అంత డబ్బు పెట్టొచ్చని నా అభిప్రాయం. అక్కడికి కంపెనీలే నడిచొస్తాయి. ఆ తర్వాత నుంచి వందో స్థానం దాకా ఉన్నవాటిలో ర్యాంకు తేడా రెజ్యూమెలో పెద్దగా కనిపించదు. ఊరు, ఫీజు, ఇంటర్న్‌షిప్ ఇవే తేలుస్తాయి. మరీ చిన్న ఊళ్లో అద్దె తక్కువే, కానీ కారు లేకుండా అడుగు బయట పెట్టలేరు. ఎఫ్-1 మీద సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయొచ్చు. చిన్న క్యాంపస్‌లో ఆ ఉద్యోగాలకు కూడా క్యూ ఉంటుంది. బయట గ్యాస్ స్టేషన్లోనో రెస్టారెంట్లోనో చేసుకోవచ్చులే అని సీనియర్ ఎవరైనా చెబితే వినొద్దు. అది వీసా స్టేటస్‌కే ఎసరు.

చేరిన మొదటి రోజు నుంచే బయట పని చేసుకోవచ్చు అని ఊరించే యూనివర్సిటీల గురించి రెండు ముక్కలు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు అందులో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో ట్యాగ్‌లు కట్టారు. 2019లో బయటపడిన మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ అసలు యూనివర్సిటీయే కాదు, ఇమ్మిగ్రేషన్ అధికారులు వల వేయడానికి పెట్టిన బోర్డు. తరగతులు లేవు, ప్రొఫెసర్లు లేరు. చేరినవాళ్లలో మనవాళ్లు వందల్లో ఉన్నారు.

ఇంకో చిన్న విషయం. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే, స్టెమ్ పొడిగింపులో ఇంకో 60 కలుస్తాయి. అందుకే డిసెంబర్‌లో డిగ్రీ అయిపోయేలా ఉండే ప్రోగ్రామా, మేలో అయిపోయేదా అన్నది కూడా చూడాల్సిన సంగతే.

జర్మనీ: ఫీజు లేదు, కానీ ఊరికే రాదు

ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు లేదన్న మాట చాలావరకు నిజం. పూర్తిగా కాదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో, అంటే కార్ల్స్‌రూహె, స్టుట్‌గార్ట్ లాంటి చోట్ల, యూరప్ బయటివాళ్లు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. మ్యూనిక్‌లోని టెక్నికల్ యూనివర్సిటీ (టీయూఎం)లో 2024 వింటర్ సెమిస్టర్ నుంచి మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు 4,000 లేదా 6,000 యూరోలు వసూలు చేస్తున్నారు. ఆఖెన్, డ్రెస్డెన్, డార్మ్‌స్టాట్, బ్రౌన్‌ష్వైగ్ లాంటి చోట్ల సెమిస్టర్ కంట్రిబ్యూషన్ కింద కొన్ని వందల యూరోలు కడితే సరిపోతుంది.

బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు ముందే వేయాలి. యూరో వంద దాటిన ఈ రోజుల్లో అది 12 లక్షల పైమాటే. అయితే అది ఫీజు కాదు, మీ డబ్బే. నెలకు 992 చొప్పున మీకే తిరిగొస్తుంది. విద్యార్థిగా ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు. రెండో ఏడాది ఖర్చులో చాలా భాగం పని చేసి వెళ్లదీసుకునేవాళ్లు బోలెడంతమంది. పైన చెప్పిన పరీక్షలో అందరికంటే సులువుగా నెగ్గేది ఈ దారే. 15 లక్షల లోపు అప్పుతో బయటపడొచ్చు.

మరి అందరూ ఎందుకు వెళ్లరు? ఎందుకంటే సీటు రావడం కష్టం, వచ్చాక పాసవడం ఇంకా కష్టం. మన మార్కులను వాళ్ల స్కేలులోకి మార్చే ఒక లెక్క ఉంది. గరిష్ఠ మార్కుల నుంచి మీ మార్కులు తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. పాస్ మార్కు 40 అనుకుంటే 70 శాతం వచ్చినవాళ్లకు 2.5 వస్తుంది. అక్కడ 1.0 అన్నిటికంటే మంచి గ్రేడు, 4.0 పాస్. చాలా మాస్టర్స్ ప్రోగ్రామ్‌లు 2.5 దగ్గరే గీత గీస్తాయి. కాబట్టి 65 శాతంతో అక్కడ పది చోట్ల దరఖాస్తు పెట్టేకంటే ముందు ఈ లెక్క కాగితం మీద వేసుకుంటే డబ్బూ ఆశా రెండూ మిగులుతాయి.

ఆ తర్వాత సబ్జెక్టుల గొడవ. ఈసీఈ చదివినవాళ్లు ఇన్ఫర్మాటిక్స్‌కు (అక్కడ కంప్యూటర్ సైన్స్ పేరు) అడిగితే, బీటెక్‌లో థియరెటికల్ కంప్యూటర్ సైన్స్‌కు ఎన్ని క్రెడిట్లు, ఆల్గారిథమ్స్‌కు ఎన్ని, గణితానికి ఎన్ని అని మాడ్యూల్ వారీగా చూస్తారు. తక్కువైతే నిర్మొహమాటంగా తిరస్కరిస్తారు. మంచి ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం) రాశాం కదా అంటే కుదరదు. జేఎన్‌టీయూ సిలబస్ పుస్తకం ముందు పెట్టుకుని, ఆ ప్రోగ్రామ్ అడిగే క్రెడిట్ల పట్టిక పక్కన పెట్టుకుని ఒక రోజు కూర్చోండి. ఎక్కడ సరిపోతారో మీకే తెలిసిపోతుంది. మన విద్యార్థులకు, చదువు పత్రాలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ 2022 నవంబర్ నుంచి తప్పనిసరి. దానికి నెలలు పట్టొచ్చు కాబట్టి అడ్మిట్ వచ్చాక చూద్దాంలే అనుకుంటే వింటర్ సెమిస్టర్ చేజారుతుంది.

పరీక్షల విషయంలో అక్కడ జాలి లేదు. చాలా చోట్ల ఒక పరీక్ష మూడుసార్లు తప్పితే ఆ ప్రోగ్రామ్ నుంచే బయటకు పంపిస్తారు. రెండేళ్ల కోర్సు అంటారు గానీ రెండున్నర, మూడేళ్లు పట్టినవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. భాష విషయంలో మనవాళ్లు తమను తాము మోసం చేసుకుంటారు. కోర్సు ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, నిజమే. ఉద్యోగ ప్రకటనలు మాత్రం ఎక్కువగా జర్మన్‌లో ఉంటాయి, బీ1, బీ2 స్థాయి భాష అడుగుతాయి. వెళ్లాక నేర్చుకుంటానన్నవాళ్లు అసైన్‌మెంట్ల మధ్య అంతకంటే కింది మెట్టయిన ఏ2 దగ్గరే ఆగిపోతారు. అడ్మిట్ కోసం ఎదురుచూసే ఈ నెలల్లోనే ఏ2 పూర్తి చేసినవాళ్లకూ, ఏమీ రాకుండా విమానం ఎక్కినవాళ్లకూ రెండేళ్ల తర్వాత చాలా తేడా ఉంటుంది. అక్కడే డిగ్రీ చేసి, రెండేళ్లు చదువుకు తగ్గ ఉద్యోగం చేసి, బీ1 ఉంటే శాశ్వత నివాసానికి దారి తెరుచుకుంటుంది. మనవాళ్ల గ్రీన్‌కార్డ్ క్యూ పక్కన పెట్టి చూస్తే ఇది చిన్న విషయమేమీ కాదు.

జర్మనీ అనగానే ప్రైవేటు యూనివర్సిటీ అడ్మిట్ తెచ్చి చేతిలో పెట్టేవాళ్లతో జాగ్రత్త. అక్కడ ఫీజు ఉంటుంది, పేరుకు మాత్రం దేశం జర్మనీ. ఫీజు కట్టి చదవాలనుకుంటే అసలు జర్మనీయే ఎందుకు అన్నది నా ప్రశ్న.

బ్రిటన్, ఆ తర్వాత మిగిలినవి

బ్రిటన్ మాస్టర్స్ ఒక్క ఏడాదిలో అయిపోతుంది. దాని బలం అదే, బలహీనతా అదే. ఫీజు 20,000 నుంచి 40,000 పౌండ్ల దాకా ఉంటుంది. దానిపైన ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌చార్జ్. ఖర్చులకు ఖాతాలో 28 రోజులు కదలకుండా ఉంచాల్సిన డబ్బు వేరు. టాట్ (పరిశోధన కాకుండా పాఠాలతో నడిచే) మాస్టర్స్‌కు వెళ్లేవాళ్లు భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లే వీలు 2024 జనవరి నుంచి లేదు.

చదువు తర్వాత ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ రూట్ ఇన్నాళ్లూ రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలే. అంటే 2026 సెప్టెంబర్‌లో చేరేవాళ్లకు వర్తించేది 18 నెలలే. ఆ లోపు స్పాన్సర్ చేసే కంపెనీ దొరకాలి. స్కిల్డ్ వర్కర్ వీసాకు మామూలు జీతం పరిమితి 2025 జులై నుంచి 41,700 పౌండ్లు. కొత్తగా డిగ్రీ అయినవాళ్లకు కొంత తగ్గింపు ఉన్నా అదీ 33,400. లండన్ బయట మొదటి ఉద్యోగంలో అంత ఇచ్చే కంపెనీలు ఎన్నో ఆలోచించండి. పైగా పెద్ద కంపెనీల గ్రాడ్యుయేట్ స్కీములకు దరఖాస్తులు సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే మొదలవుతాయి. మీరు సూట్‌కేసు విప్పి, బ్యాంకు ఖాతా తెరిచే వారాలే అవి. డిజర్టేషన్ అయ్యాక చూద్దాంలే అనుకుంటే ఆ ఏడాది బ్యాచ్ అప్పటికే నిండిపోతుంది.

అందుకని బ్రిటన్ ఎవరికంటే, ఇక్కడ మూడు నాలుగేళ్లు పనిచేసి, ఒక ఏడాది ఆగి, పేరున్న చోట నుంచి డిగ్రీ తెచ్చుకుని మళ్లీ ఇక్కడే పై మెట్టుకు వెళ్లాలనుకునేవాళ్లకు. ఇంపీరియల్, యూసీఎల్, ఎడిన్‌బరో లాంటి పేర్లకు ఇక్కడ విలువ ఉంది. పేరు పెద్దగా తెలియని చోటికి 30 లక్షల అప్పుతో ఫ్రెషర్‌గా వెళ్లడం మాత్రం ఈ మొత్తం చర్చలో నాకు అన్నిటికంటే నచ్చని బేరం.

కెనడాలో పబ్లిక్ యూనివర్సిటీ మాస్టర్స్‌ను, కాలేజీ డిప్లొమాలను కలిపి చూడొద్దు. ఆంక్షల దెబ్బ ఎక్కువగా పడింది డిప్లొమాల మీద. 2026 జనవరి నుంచి పబ్లిక్ సంస్థల మాస్టర్స్ విద్యార్థులు స్టడీ పర్మిట్ల పరిమితి నుంచి బయటకొచ్చారు. చదువయ్యాక మూడేళ్ల వర్క్ పర్మిట్ దొరుకుతుంది. ఫీజు కాక ఏడాది ఖర్చులకు 22,895 కెనడా డాలర్లు చూపించాలి. ఆస్ట్రేలియాకు వీసా ఫీజే 2,000 ఆస్ట్రేలియా డాలర్లు, తిరస్కరిస్తే తిరిగి రాదు. ఐర్లండ్‌లో ఏడాది మాస్టర్స్ చేసినా చదువు తర్వాత రెండేళ్లు ఉండొచ్చు. బ్రిటన్ అనుకునేవాళ్లు డబ్లిన్ కూడా ఒకసారి చూడాలి, అక్కడి అద్దెలు తట్టుకోగలిగితే.

యూనివర్సిటీ పేజీని ఎలా చదవాలి

దేశం తేలాక రెండు మూడు పేర్లు మిగులుతాయి. ఇక్కడే అందరూ ప్రపంచ యూనివర్సిటీలకు క్యూఎస్ సంస్థ ఇచ్చే ర్యాంకు తెరుస్తారు. ఆ ర్యాంకులో 30 శాతం బరువు ఇతర విద్యావేత్తల అభిప్రాయానిది, 15 శాతం కంపెనీల అభిప్రాయానిది. అదీ మొత్తం యూనివర్సిటీకి, మెడికల్ కాలేజీ నుంచి చరిత్ర విభాగం దాకా కలిపి. యూఎస్ న్యూస్ వాళ్ల కంప్యూటర్ సైన్స్ ర్యాంకు అయితే పూర్తిగా తోటి ప్రొఫెసర్ల సర్వే. మీరు చేరబోయే నాన్-థీసిస్ (పరిశోధన వ్యాసం రాయనక్కర్లేని) మాస్టర్స్‌లో పాఠం ఎవరు చెబుతారో ఇందులో ఏదీ చెప్పదు.

దాని బదులు ఇది చేయండి. వెబ్‌సైట్‌లో కోర్సుల కేటలాగ్ ఒకటి ఉంటుంది, ఈ సెమిస్టర్‌లో నిజంగా నడుస్తున్న తరగతుల షెడ్యూల్ ఇంకోటి ఉంటుంది. కేటలాగ్‌లో అరవై ఎలక్టివ్‌లు ఊరిస్తాయి. షెడ్యూల్ తెరిస్తే వాటిలో పన్నెండే నడుస్తుంటాయి, మెషిన్ లెర్నింగ్‌కు రెండు సెక్షన్లు, రెండూ నిండిపోయి వెయిట్‌లిస్ట్‌లో ముప్పై మంది. అమెరికాలో చాలా పబ్లిక్ యూనివర్సిటీల షెడ్యూల్ లాగిన్ లేకుండానే కనిపిస్తుంది. యూటీ డాలస్ కోర్స్‌బుక్ అలాంటిదే. గత ఫాల్, గత స్ప్రింగ్ సెమిస్టర్లు రెండూ తెరిచి, మీకు కావాల్సిన నాలుగు సబ్జెక్టులు రెండింటిలో కలిపి అయినా ఉన్నాయా చూడండి. పాఠం చెప్పేవాళ్ల పేర్లు వెతికితే వాళ్లు ఆ విభాగంలో పూర్తికాలం ఉన్నవాళ్లా, సాయంత్రం వచ్చి చెప్పి వెళ్లేవాళ్లా అన్నదీ తెలుస్తుంది. సాయంత్రం వచ్చేవాళ్లు తక్కువేమీ కాదు, కంపెనీలో పనిచేస్తూ చెప్పేవాళ్ల పాఠం ఒక్కోసారి మెరుగ్గానే ఉంటుంది. కానీ అందరూ వాళ్లే అయితే రీసెర్చ్ అసిస్టెంట్ పని అడగడానికి ఎవరూ మిగలరు.

వేరే బ్రాంచి నుంచి వెళ్లేవాళ్లు అడ్మిట్ లెటర్ చివరి పేరా శ్రద్ధగా చదవాలి. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ లాంటివి ముందు పూర్తి చేయాలి అన్న షరతు అక్కడే ఉంటుంది. ఒక్కొక్కటి మూడు క్రెడిట్లు, అవి డిగ్రీ క్రెడిట్లలో కలవవు. నాలుగు తగిలితే దాదాపు ఒక సెమిస్టర్ ఫీజు, ఒక సెమిస్టర్ కాలం. తక్కువ ఫీజు అనుకున్న అడ్మిట్ అక్కడే ఖరీదైపోతుంది.

తర్వాత లింక్డిన్. ఆ యూనివర్సిటీ పేజీలో పూర్వ విద్యార్థుల విభాగంలోకి వెళ్లి, మీ కోర్సు, గత రెండేళ్లు పెట్టి వడపోయండి. ఎక్కడ పనిచేస్తున్నారో వరసగా కనిపిస్తుంది. తెలిసిన కంపెనీలు ఎన్ని, ఎవరూ వినని స్టాఫింగ్ కంపెనీలు ఎన్ని, డిగ్రీ అయ్యాక ఖాళీ ఎన్ని నెలలు ఉందో చూడండి. సీనియర్లతో మాట్లాడేటప్పుడు ఎలా ఉంది అన్నా అని అడిగితే సూపర్ అనే అంటారు. వాళ్ల బ్యాచ్‌లో వేసవి ఇంటర్న్‌షిప్ ఎంతమందికి దొరికింది, ఏ నెలలో దొరికింది, రీసెర్చ్ అసిస్టెంట్ (ఆర్‌ఏ) పనో టీచింగ్ అసిస్టెంట్ (టీఏ) పనో వచ్చింది ఎవరికి అని అడగండి. వాళ్లు జవాబిచ్చే ముందు ఎంతసేపు ఆగుతారో అందులోనే సగం తెలుస్తుంది.

కన్సల్టెన్సీల దగ్గరికి వెళ్లడం తప్పు కాదు. అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో, విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల కాగితాల పని చక్కగా చేసిపెట్టేవాళ్లు ఉన్నారు. కానీ మీ దగ్గర డబ్బు తీసుకోకుండా సేవ చేస్తున్నారంటే, వాళ్లకు ఇచ్చేది యూనివర్సిటీ అని గుర్తుంచుకోండి. చేరిన ప్రతి విద్యార్థికీ కమిషన్ ఉంటుంది. కమిషన్ ఇవ్వని యూనివర్సిటీలు వాళ్ల జాబితాలో ఉండవు, జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీలు అలాంటివే. ఏ ఏ యూనివర్సిటీలతో మీకు ఒప్పందం ఉంది అని నేరుగా అడగండి. మొహమాటం అక్కర్లేదు.

ఎవరికి ఏది

రెండు మూడేళ్ల ఉద్యోగ అనుభవం, చేతిలో కొంత పొదుపు, 25 లక్షల లోపు అప్పుతో అమెరికాలో ఒక మాదిరి పబ్లిక్ యూనివర్సిటీ, దగ్గర్లో పెద్ద ఊరు ఉంటే వెళ్లమంటాను. 70 శాతం పైన మార్కులు, కోర్ సబ్జెక్టుల మీద పట్టు, తొందర లేదు, ఇంట్లో ఆస్తి తక్కువ అంటే జర్మనీ. ఫ్రెషర్, రెండు మూడు బ్యాక్‌లాగ్‌లు, లోన్ కోసం ఉన్న రెండెకరాలు తాకట్టు పెట్టాలి అంటే ఈ ఏడాది ఎక్కడికీ వద్దంటాను. రెండేళ్లు పని చేసి వెళితే ప్రొఫైల్ మెరుగుపడుతుంది, అప్పు తగ్గుతుంది, ఇంటర్న్‌షిప్‌లో కూడా మీ మాటకు విలువ ఉంటుంది. గేట్‌లో మంచి స్కోరు ఉన్నవాళ్లు ఇంకో లెక్క కూడా వేయాలి. ఐఐటీలో, ఎన్‌ఐటీలో ఎంటెక్ చేస్తే నెలకు 12,400 స్టైపెండ్ వాళ్లే ఇస్తారు, ప్లేస్‌మెంట్ క్యాంపస్‌లోనే ఉంటుంది. మన ఇళ్లలో ఈ పోలిక ఎవరూ పెట్టరు, ఎందుకో మరి. ఫారిన్ అన్న మాట ముందు అది చిన్నబోతుంది.

చివరగా తేదీల గురించి. అమెరికాలో ఫండింగ్‌తో వచ్చిన అడ్మిట్‌కు జవాబివ్వడానికి, దీని మీద తమలో తాము ఒప్పందం చేసుకున్న యూనివర్సిటీలు ఏప్రిల్ 15 దాకా ఆగాలి. ఈలోగా ఇంకా పెంచగలరా అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. ఫండింగ్ లేని అడ్మిట్లకు ఆ రక్షణ లేదు, వాళ్ల డిపాజిట్ గడువే గడువు. డిపాజిట్ కట్టేముందు రెండు సంగతులు మెయిల్‌లో రాయించుకోండి: వీసా రాకపోతే ఆ డబ్బు తిరిగొస్తుందా, అడ్మిషన్‌ను స్ప్రింగ్‌కు వాయిదా వేస్తే స్కాలర్‌షిప్ నిలుస్తుందా. 2025లో మే చివర్లో కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు కొన్ని వారాలు ఆగిపోయినప్పుడు ఈ రెండో ప్రశ్న చాలామందికి అవసరమైంది. రెండు మూడు ఐ-20లు వచ్చినా వీసా ఇంటర్వ్యూకు ఒక్కదాంతోనే వెళ్లాలి. 350 డాలర్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డు) ఫీజు ఆ ఐ-20 మీద ఉన్న నంబర్‌కే కట్టాలి. కట్టాక మనసు మారితే వీసాకు ముందే ఆ ఫీజును కొత్త నంబర్‌కు మార్పించుకునే వీలుంది. వీసా పడ్డాక మొదటిసారి దిగాల్సింది మాత్రం దాని మీద పేరున్న యూనివర్సిటీకే.